వేడి పొయ్యి మీద చెంబెడు నీళ్లు

గోదాములో తనతోపాటు మూటలు మోసేవాళ్లంతా అతన్ని పొడుగోడనే పిలుస్తారు. ఉన్నది ఒక్క గది, దాని మూలన ఒక ఇనప పొయ్యి. కట్టెలేస్తే గదంతా వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం లేకపోతే అతని భార్యకు ఊపిరాడదు. దుమ్ము లేచినా ఆడదు. అందుకే బూడిద తీసే పని ఆమె చేతిలోంచి లాక్కుని తనే చేస్తున్నాడు.

రోజూ పొయ్యి చల్లారేదాకా ఆగి, తడిగుడ్డ కప్పి మెల్లగా తోడేవాడు. ఆ పొద్దున ఓపిక లేకపోయింది. పొయ్యి ఊచల కింద బూడిద మేట వేసి, గాలాడక కట్టె రగలడం లేదు. రేకు చేట పెట్టాడో లేదో గుప్పున దుమ్ము లేచింది. మంచం మీద దగ్గు మొదలైంది.

"లేపకయ్యా... ఆపు."

"అయిపోయిందే, ఇదిగో" అంటూ చెంబెడు నీళ్లు బూడిద మీద గుమ్మరించాడు. అడుగున నిప్పు ఇంకా ఎర్రగానే ఉంది, చూసుకోలేదు. బుస్సుమని ఆవిరి, వెనకే టప్పుమని చప్పుడు. పొయ్యి ఒక పక్కంతా పైనుంచి కిందిదాకా చీలిపోయింది.

"ఏంటి పగిలింది?"

"ఏం లేదే, కట్టె చిట్లింది."

"నా చెవులు బాగానే ఉన్నాయి. పాడైంది ఊపిరే."

బూడిదలో మట్టి కలిపి చీలికలో కూరాడు. పుల్లలంటించాడు. వేడి తగలగానే మట్టి పెళ్లలుగా రాలింది, పొగ గదిలోకి తన్నుకొచ్చింది. ఆమె కళ్లు తేలేసింది. కాలుతున్న పుల్లల్ని వట్టి చేతుల్తోనే బయట పారేసి, తలుపు బార్లా తీశాడు. పొగ పోయింది. దాంతోపాటే ఉన్న కాస్త వెచ్చదనమూ పోయింది.

ఆమె కాస్త తేరుకోగానే వీధి చివర వెల్డింగ్ మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాడు.

"అన్నా, నీళ్లు పడి పొయ్యి చీలింది. ఒక్క అతుకు వెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటా."

"పోత ఇనుమేగా? నా దగ్గరున్న సరంజామాతో అతకదురా. ఇక్కడ అతికిస్తే పక్కన పగుల్తుంది. ఎర్రగా కాలిన పొయ్యి మీద నీళ్లెవడు పోశాడు?"

"నేనే."

"అయితే తిట్టిపొయ్యడానిక్కూడా ఇంకోడు లేడన్నమాట."

ఇంటికొచ్చేసరికి ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. గదిలో ఉన్న గుడ్డలన్నీ, తన చొక్కాతో సహా, ఆమె మీద కప్పాడు. మంచం చివర కూర్చుని, మంచుగడ్డల్లాంటి ఆ పాదాలు రెండూ తన పొట్టకు అదుముకున్నాడు.

"పనికి పోవా?"

"పోతాలే."

కదల్లేదు. ఆమె ఒక్కో ఊపిరి లాగుతుంటే, తర్వాతది వస్తుందా రాదా అని చెవి ఒగ్గి అలాగే కూర్చున్నాడు.