చదవని ఐదు అభిప్రాయాలు

మొన్న ఉదయం మా అమ్మాయి ఒక చేత్తో టోస్టు తింటూ, రెండో చేతి బొటనవేలితో ఫోనులో ఏదో టకటకా నొక్కుతూ, "అమ్మా, పేట్రనైజింగ్ స్పెల్లింగులో ఎస్సా, జెడ్డా?" అని అడిగింది. ఎవర్నే తిడుతున్నావు అంటే, వాళ్ళ లెక్చరరు ఒకావిడ మీద అభిప్రాయం రాయమని కాలేజీవాళ్ళు ఫారం పంపారట, ఇంకో పది నిమిషాల్లో మూసేస్తారట. "ఆవిడంటే నీకు ఇష్టమేగా?" అన్నాను. "షీ ఈజ్ గ్రాండ్, అమ్మా. దేరీజ్ ఎ బాక్స్, యూ హ్యావ్ టు పుట్ సమ్‌థింగ్ ఇన్ ఇట్" అని, నొక్కాల్సింది నొక్కేసి బస్సుకు పరిగెత్తింది. ఖాళీగా ఒక గడి కనిపించింది, ఏదో ఒకటి రాసింది, అంతే. ఎంగిలి ప్లేటు చేత్తో పట్టుకుని నేను అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. అలాంటి ఫారం ఒకటి ఒకప్పుడు నేనే తయారుచేశాను.

కోవిడ్ మొదటి ఏడాది శరదృతువులో, నలభై మూడేళ్ళ వయసులో, నేను మళ్ళీ విద్యార్థినినయ్యాను. మేం ఐర్లండులో, డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌కు వచ్చి అప్పటికి పదకొండేళ్ళు. బందరులో ఉండగా భూగోళశాస్త్రం చదివాను, పెళ్ళికి ముందు రెండేళ్ళు బడిలో చెప్పాను కూడా. పిల్ల పెద్దదయ్యాక, వదిలేసిన చదువు మళ్ళీ అందుకుందామని డబ్లిన్‌లో మాస్టర్స్‌కు దరఖాస్తు పెట్టాను. సీటు వచ్చేసరికి యూనివర్సిటీకి తాళాలు పడ్డాయి. ఆ చదువంతా నేను ఆ ఆవరణలో అడుగుపెట్టకుండానే చదివాను. మా పై అంతస్తులో, బట్టల అలమర పక్కనున్న చిన్న గది నా యూనివర్సిటీ. ఒక పక్క వాక్యూమ్ క్లీనరు, ఇంకో పక్క పది కిలోల బియ్యం బస్తా, మధ్యలో నేను. లెపర్డ్స్‌టౌన్ ఆఫీసుకు వెళ్ళాల్సిన మావారు పడగ్గదిలో ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అమెరికా వాళ్ళతో మాట్లాడేవారు. వంటింట్లో అమ్మాయి బడి. కుక్కరు విజిల్ వేస్తే మూడు దేశాల వాళ్ళు ఉలిక్కిపడేవారు.

మా ప్రొఫెసరుగారిని క్లాసులో అందరూ పేరు పెట్టి పిలిచేవారు. ఇక్కడి పద్ధతి అది. నాకు మాత్రం నోరు రాలేదు. మొదటి మెయిలు "డియర్ ప్రొఫెసర్ మేడం" అని మొదలుపెట్టాను. ఆవిడ తిరుగు జవాబులో "ఇంత గౌరవం నాకు ఎప్పుడూ దొరకలేదు" అని రాసింది. ఏభై అయిదేళ్ళుంటాయేమో. ఒక కళ్ళజోడు ముక్కు మీద ఉంటే ఇంకొకటి నెత్తి మీద ఉండేది. నదులు, తీరాలు ఒక కోర్సు, పటాలు గీయడం ఇంకొకటి, రెండూ ఆవిడవే. అందరిలా స్లైడ్లు చూపించేది కాదు. కెమెరా కిందికి తిప్పి, తెల్లకాగితం పెట్టి, నల్ల పెన్నుతో గీస్తూ చెప్పేది. మాకు కనిపించేది ఒక్క చెయ్యే. నది సముద్రం దగ్గరకొచ్చేసరికి ఎలా నెమ్మదించి, మోసుకొచ్చిన మట్టిని ఎక్కడెక్కడ దించేస్తుందో ఆ చెయ్యి గీస్తూ ఉంటే, మా కృష్ణమ్మ హంసలదీవి దగ్గర చేసే పని నా కళ్ళకు కట్టేది.

అయితే క్లాసు ఎప్పుడు ఆగిపోతుందో తెలిసేది కాదు. వాక్యం మధ్యలో తెర నల్లబడిపోయేది. ఒకోసారి అయిదు నిమిషాలకు తిరిగొచ్చి "క్షమించండి" అనేది, ఒకోసారి వచ్చేదే కాదు. మెయిళ్ళకు జవాబులు రావు. దిద్దిన పేపర్లు నెలకు గానీ రావు. మొదటి పని ఏమిచ్చిందంటే, మీ ఇంటి నుంచి అయిదు కిలోమీటర్ల లోపల ఉన్నదంతా ఏమీ చూడకుండా జ్ఞాపకం నుంచి పటం గీయండి అని. అప్పట్లో అంతకు మించి ఎవర్నీ బయటికి వెళ్ళనిచ్చేవారు కాదు. మాస్టర్స్‌లో ఈ ఎల్‌కేజీ బొమ్మలేమిటని క్లాసు గ్రూపులో నవ్వుకున్నారు. నేను షాపులు, ఆసుపత్రి, అమ్మాయి బడి, వాటి మధ్య రోడ్లు గీసి పంపాను. మార్కుల పక్కన ఆవిడ ఒక్క ప్రశ్న రాసింది: "ఇందులో మీరు కూర్చునే చోటు ఎక్కడ?" పదకొండేళ్ళుగా ఉంటున్న ఊళ్ళో నేను ఎక్కడా కూర్చోలేదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే కాలువ గట్టు దాకా నడిచి వెళ్ళి, చలికి వణుకుతూ ఒక బెంచీ మీద కూర్చుని వచ్చాను. మావారు "ఏమైంది, ఒంట్లో బాగాలేదా?" అని కంగారుపడ్డారు.

నన్ను క్లాసు ప్రతినిధిగా ఎన్నుకోవడం కూడా ఒక తమాషాయే. ఎవరూ ముందుకు రాలేదు. ఉత్తరాన లెటర్‌కెన్నీ అనే ఊళ్ళో, ఇంట్లో సిగ్నల్ లేక షాపింగ్ సెంటర్ ముందు కారులో కూర్చుని పాఠాలు వినే ఒక కుర్రాడు, "ఆమె గొంతు వింటే ఫోన్ చేస్తే ఎత్తే మనిషిలా ఉంది" అన్నాడు. అదే నా అర్హత.

జనవరి వచ్చేసరికి తమాషాలు అయిపోయాయి. మళ్ళీ అన్నీ మూసేశారు. గ్రూపులో జోకులు పోయి తిట్లు మొదలయ్యాయి. ఉద్యోగాలు పోయిన వాళ్ళు, ఒక్క గదిలో నెలల తరబడి గోడలు చూస్తున్న వాళ్ళు, ఇంటికి వెళ్ళే దారిలేని వాళ్ళు. అందరి కోపానికీ అందుబాటులో ఉన్నది ఆ ప్రొఫెసరు ఒక్కతే. మా క్లాసులో నాతో పాటు తెలుగమ్మాయి ఇంకొకతి ఉండేది, వరంగల్ పిల్ల. ఇరవై మూడేళ్ళు. మా ఇంటికి పావుగంట నడకలో, ఒక అద్దె ఇంట్లో మరో అయిదుగురు ఆడపిల్లలతో ఉండేది. వారానికి రెండుసార్లు మా గేటు దగ్గరికొచ్చి నిలబడితే, గోడ మీదుగా కూర డబ్బా అందించేదాన్ని. లోపలికి రమ్మనడానికి లేదు. డబ్బా పట్టుకుని గేటు అవతలే నిలబడి కబుర్లు చెప్పి వెళ్ళేది.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు డబ్బా అందుకోకుండా గేటు పట్టుకుని నిలబడింది. "ఆంటీ, బాపుకు శ్వాస ఆడ్తలేదంట. మా అన్న ఆక్సిజన్ కోసం తిరుగుతున్నడు, దొర్కుతలేదు" అంది. మళ్ళీ తనే అందుకుంది: "శుక్రవారం నదుల ప్రాజెక్టు ఇయ్యాలె. మేడమ్‌కు మూడు మెయిల్లు వెట్టిన, ఒక్కదానికి గూడ జవాబు లేదు. నేనీడ కూసొని ఏం జెయ్యాలె ఆంటీ? బాపు ఆడ అట్లుంటే నేను రిపోర్టు రాయాల్నా?" ఆ ప్రాజెక్టు ఇవ్వకపోతే కోర్సు పోతుంది, కోర్సు పోతే డిగ్రీ పోతుంది, ఆ తరవాత ఈ దేశంలో ఉండే అనుమతికే ముప్పు. ఇవన్నీ ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కపెడుతూ చెప్పింది. గేటు తెరిచి దగ్గరకు తీసుకోవాలనిపించింది. రెండు మీటర్ల దూరంలో నిలబడి "ధైర్యంగా ఉండమ్మా" అన్నాను. అంతకంటే చేతకాని మాట నా జన్మలో అనలేదు.

మూడో రోజు వాళ్ళ నాన్న పోయాడు. మర్నాడు పొద్దున ఇంటి వెనక పెరట్లో నిలబడి ఫోనులో దహనం చూసిందట. "మధ్యల సిగ్నల్ పోయింది ఆంటీ. మల్ల వచ్చేసరికి అయిపోయింది" అని ఫోనులో నాకు చెప్పింది. ఏడవలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. శుక్రవారం దాటిపోయింది.

విషయం గ్రూపులో తెలియగానే నిప్పంటుకుంది. వచ్చేవారం విభాగం కమిటీ ఉంది, ఈ ప్రొఫెసరు సంగతి అక్కడ తేల్చాలన్నారు. నేను క్లాసు ప్రతినిధిగా యూనివర్సిటీ సైటులో పేర్లు అక్కర్లేని ఫారం ఒకటి పెట్టి, ఆవిడ గురించీ ఆవిడ కోర్సుల గురించీ మీ అభిప్రాయం రాయండి అన్నాను. ఒక్కరోజులో అందరూ రాశారు. ఒకరు "ఆమె మాతో కాదు, కాగితంతో మాట్లాడుతుంది" అన్నారు. ఒకరు "సగం పాఠాలు, సగం వాక్యాలు, పూర్తి ఫీజు" అన్నారు. "మేం బతికున్నామో లేదో ఆమెకు అక్కర్లేదు" అని ఒకరు. "ఇంత మనసులేని టీచరును చూడలేదు" అని ఇంకొకరు. ఆ తిట్లన్నిటి మధ్య అయిదు మాత్రం వేరేగా ఉన్నాయి. ఆవిడ చేతిని చూస్తూ ఉంటే ఈ ఏడాదిలో తొలిసారి మనసు కుదుటపడిందని ఒకరు. వాళ్ళ నాన్న పొలం పక్కన వాగు ఎందుకు వంకర తిరిగిందో ఇప్పుడు ఆయనకు తాను చెప్పగలనని ఒకరు. అయిదోది నాది. నేనుంటున్న ఊరిని నాకు చూపించిన టీచరు అని రాశాను.

చాటున ఫిర్యాదు చేయడం మర్యాద కాదని ముందుగా ఆవిడకు వీడియో కాల్ చేశాను. అలసిపోయిన ముఖం. మాట మొదలుపెట్టానో లేదో, వెనక తలుపు తోసుకుని నలభై ఏళ్ళుండే ఒకావిడ వచ్చింది. చిన్నపిల్లలా నవ్వుతూ కెమెరాలోకి తొంగిచూసి, లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసింది. ప్రొఫెసరు ఆ చెయ్యిని మెల్లగా పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "మా చెల్లెలు. ఒక్కతే ఉండలేదు. తనలాంటి వాళ్ళను పగలంతా చూసుకునే కేంద్రం ఏడాదిగా మూసి ఉంది. నేను ఈ పెట్టెతో మాట్లాడితే తనకు నచ్చదు, మూసేస్తుంది" అంది. క్లాసుకు చెప్పొచ్చు కదా అన్నాను. "వద్దు. మీరూ చెప్పకండి. తనని సాకుగా వాడుకోను" అంది. అప్పుడు వరంగల్ అమ్మాయి సంగతి అడిగాను. "ఏ మెయిళ్ళు?" అని వెతికింది. దొరికాయి. ఒకటి, రెండు, మూడు చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గడువు దాటాక పొడిగించే అధికారం తనకు లేదని, కమిటీయే నిర్ణయించాలని చెప్పింది. ఆ పిల్లకు అప్పటికప్పుడే మెయిలు రాస్తానంది, రాసింది కూడా.

కమిటీ ముందు ఒక్క పేజీయే చదవనిస్తారు. నేను మూడు పేజీలు రాసుకున్నాను. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి మావారికి వినిపించాను. "మంచీ చెడూ కలిపి చదివితే, మామూలేలే అని పక్కన పెట్టేస్తారు. తప్పంతా టీచరుదే అని తేలితేనే ఆ పిల్లకి గడువిస్తారు. నీకేం కావాలో తేల్చుకో" అన్నారాయన. ఆయన అన్నది నిజమే. రెండు రోజులు ఆ మూడు పేజీలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. గేటు పట్టుకున్న ఆ పిల్ల వేళ్ళూ, ఒళ్ళో పెట్టుకున్న ఆ చెల్లెలి చెయ్యీ రెండూ కళ్ళముందే ఉండేవి. చివరికి అయిదు అభిప్రాయాలూ కొట్టేశాను. అన్నిటికంటే ముందు నాది కొట్టేశాను.

సమావేశంలో తెరనిండా గళ్ళు, ఒక గడిలో ఆవిడ. నేను గొంతు సవరించుకుని చదివాను. సగం వాక్యాలు, జవాబులేని మెయిళ్ళు, తండ్రి పోయిన అమ్మాయి, మనసులేని టీచరు, అన్నీ. బడిలో పాఠం చెప్పినట్టు స్పష్టంగా చదివాను. అయ్యాక అధ్యక్షుడు ఆవిడను ఏమైనా చెబుతారా అని అడిగాడు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. నన్నే అడిగింది, "అంతేనా?" అని.

"అంతే" అన్నాను.

"అయితే నేను చెప్పేదేం లేదు. అదంతా నిజమే" అంది. ఒక్క క్షణం తరవాత ఆవిడ గడి నల్లబడిపోయింది. మూత వేసింది చెల్లెలో, ఆవిడో నాకు తెలియదు.

వరంగల్ అమ్మాయికి ఆగస్టు దాకా గడువిచ్చారు. పాసయింది. ఇప్పుడు గాల్వేలో ఉద్యోగం చేసుకుంటోంది, పెళ్ళయింది. నన్ను ఇప్పటికీ ఆంటీ అనే పిలుస్తుంది. ఆ ప్రొఫెసరు మాత్రం ఆ వారం నుంచే సెలవు పెట్టింది. మా మిగతా పేపర్లు ఎవరో దిద్దారు. మరుసటి ఏడాది విభాగం పేజీలో ఆవిడ పేరు లేదు. నేను రెండుసార్లు మెయిలు రాసి, రెండుసార్లూ పంపకుండా ఉంచేశాను.

రెండేళ్ళు పోయాక ఒక ఆదివారం, మాస్కులన్నీ పోయిన రోజుల్లో, శాండీమౌంట్ బీచి ఇసుకలో ఆవిడ కనిపించింది. ఆటు సమయం. నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి. చెల్లెలు గవ్వలు ఏరుతోంది. దగ్గరికెళ్ళి పలకరిస్తే, నా గొంతు విని గుర్తుపట్టింది. "డియర్ ప్రొఫెసర్ మేడం!" అని నవ్వి, చెల్లెలిని పిలిచి "ఈవిడ నా స్టూడెంటు" అని చెప్పింది. ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. ఆ రోజు కొన్ని మంచి అభిప్రాయాలు చదవకుండా వదిలేశానని, ఎందుకు వదిలేశానో కూడా గబగబా చెప్పేశాను.

"నాకు తెలుసు" అంది ఆవిడ. "సైటులో పెట్టిన ఫారం జవాబులన్నీ సమావేశానికి ముందే టీచరుకు పంపుతారు. అది నియమం. అయిదు ఉన్నాయి. మీరు చదువుతున్నంతసేపూ వాటి కోసం ఎదురుచూశాను. కిందెక్కడో ఉంటాయనుకున్నాను."

కోపంగా అనలేదు. నది ఎటు పోతుందో చెప్పినట్టే చెప్పింది. "ఆ అమ్మాయి పాసయిందా?" అని అడిగింది. అయిందన్నాను. "మంచిది" అంది. ఈలోగా చెల్లెలు ఆవిడ కోటు పట్టుకుని లాగింది. ఇద్దరూ నీళ్ళున్న వైపు నడిచి వెళ్ళిపోయారు. నేను క్షమించమని అడగనేలేదని వాళ్ళు చాలా దూరం పోయాక గుర్తొచ్చింది.

ఆ పేజీ చదవడానికి నాకు పట్టింది మహా అయితే నాలుగు నిమిషాలు. నాలుగేళ్ళకు పైగా గడిచిపోయాయి గానీ, ఆవిడ ఎదురుచూసిన ఆ నాలుగు నిమిషాలు మాత్రం నాకింకా గడవలేదు.