సద్దు చేయని చెక్క

మా నాయన ఆళ్లగడ్డలో రాతి శిల్పి. ఎన్ని ఊళ్ల రాములవార్ల చేతికి విల్లు ఇచ్చాడో ఆయనకే గుర్తు లేదు. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి దింపేశాడు. నాది నంద్యాలలో చెక్క పని. మంచాలు, సోఫాలతో పాటు, పలచని చెక్కల్ని పొరలుగా అంటించి విల్లులు కూడా చేస్తాను. ఒకసారి నాయన ఆ విల్లుల్లో ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని నిమురుతూ అన్నాడు.

"నేను చేసినేటివి ఒగటన్నా వంగలేదు పాపా. నాకోటి చేసియ్యి. ఒగసారి లాగి సూస్తా."

ఆయన నన్ను ఏదీ అడిగి ఎరగడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చెక్క ఏరుకోవడానికి ఇద్దరం నంద్యాల టింబర్ డిపోకి వెళ్లాం. మధ్యాహ్నం. రేకుల సందుల్లోంచి ఎండ దిగుతోంది, అందులో రంపం పొట్టు మెల్లగా తేలుతోంది. ఒక మూల దూరదేశాల చెక్కలు, ఎర్రని పడౌక్, తెల్లని మేపుల్, నల్లని ఎబొనీ. ఆ వాసనలకు మగతగా ఉండింది. నాయన ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటున్నాడు. మంచి రాయి మోగుతుంది, లోపల పగులున్నది మోగదు. ఆయనకు తెలిసిన పరీక్ష అదే.

"ఈ నల్లది సూడు, గంట మాదిరి మోగుతాంది. ఇదే తీసుకో."

"ఇది రాయి గాదు నాయనా. విల్లులో వంగే రెక్కలకు తేలికది కావాల. ఇది బిరుసు."

"బరువు లేంది చెక్కేనా? పోమ్మా!"

పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! పళ్లు నూరుకుంటూ అదే కొన్నాను.

దానితోనే విల్లు చేసి ఆళ్లగడ్డకు తీసుకెళ్లి ఇచ్చాను. పెరట్లో నిలబడి లాగాడు. నారి జానెడు కూడా రాలేదు. ముఖం కందిపోయింది. "నా చేతులే రాళ్లయిపోయినాయ్‌లే" అని దాన్ని గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఆయన మీద కోపం, అంతకంటే ఆ చెక్క మీద కోపం.

మళ్లీ డిపోకి ఒక్కదాన్నే వెళ్లాను. నార ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగిన మేపుల్ తీశాను. పలచగా చీల్చి మోకాలి మీద వంచాను. కిర్రుమన్నది పక్కన పడేశాను, సద్దు చేయకుండా వంగింది ఉంచుకున్నాను. ముందువైపు వెదురు, లోపల మేపుల్. జిగురు ఆరేదాకా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి చుట్టాను. ఆయన ఏరిన నల్లచెక్కను చిన్న ముక్క కోసి పిడికి పెట్టాను.

దుప్పటిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా నిద్రా మెలకువా కాని స్థితిలో, దూరంగా ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

పెరట్లో నేను విల్లు వంచితే నాయన అలవాటుగా చెవి ఆనించాడు.

"ఏందీ, సద్దే లేదే?"

"అదే మంచిది నాయనా. సద్దు చేసేది ఇరుగుతాది."

నాయన పిడి నల్లగా ఉండడం చూసి బొటనవేలితో రుద్దాడు. తర్వాత లాగాడు. చేతులు వణికాయి, అయినా నారి రొమ్ముదాకా వచ్చింది. బాణం వెళ్లి గడ్డిమోపు అంచుకు గుచ్చుకుంది. ఆయన అటు చూడనేలేదు. విల్లునే చూస్తున్నాడు.

"వంగి, మళ్లా నిలబడిందే!"

పెరట్లో మిగిలిపోయిన, చెక్కీ చెక్కనట్టున్న రాతి దేవుళ్ల మధ్య నిలబడి చెయ్యి చాపాడు.

"ఇంగో బాణమియ్యి పాపా."