నెట్ సెంటర్‌లో మా మంజులక్క

మా చిన్నప్పుడు... చైతన్యపురిలో జిరాక్స్ షాపు పైన ఒక నెట్ సెంటర్ ఉండేది. ఇరుకు మెట్లు, లోపల పది కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు... సాయంత్రం నాలుగు దాటితే చాలు, బడి సంచులతో మగపిల్లలమంతా అక్కడే. తుపాకుల ఆట. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు.

ఒక శనివారం కొత్తపేట పిల్లలతో మ్యాచ్. మా జట్టులో ఒకడికి కామెర్లు వచ్చాయి. నలుగురమే మిగిలాం. ఏడుపు మొహంతో ఇంటికొచ్చి చెప్తే మా మంజులక్క నవ్వింది.

"నేనొస్త పా..."

అక్క అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. నాకు పదమూడేళ్లు. మాది పోచంపల్లి వైపు నుంచి మగ్గం వదిలి వచ్చిన కుటుంబం. నాయినకు దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల దుకాణం. నా చదువు కోసమని ఒక పాత కంప్యూటర్ కొని వెనక అర్రలో పెట్టించాడు. అందులో ఆ ఆట నాకంటే ముందు అక్కకే వచ్చింది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసే వేళ నాకు నేర్పేది...

"కనబడ్డోని మీదికి ఉరకకురా శీనూ. వాడు యాడికెల్లి ఒస్తడో సూసుకొని, ఆడ కూసో."

ట్యూషన్ ఎగ్గొట్టి నేను, చున్నీ సర్దుకుంటూ అక్క... ఇద్దరం ఆ మెట్లు ఎక్కాం. మూల కంప్యూటర్ ముందు కూర్చుంది. మేమంతా ఏవేవో రౌడీ పేర్లు పెట్టుకుంటే అక్క మాత్రం తన పేరే కొట్టింది. మంజుల.

ఎవరు ఎవర్ని చంపారో స్క్రీన్ మీద పడుతుంది కదా... పడినప్పుడల్లా అదే పేరు. ఎవడో పోకిరివాడు అమ్మాయి పేరు పెట్టుకున్నాడని అనుకున్నారు అవతలివాళ్లు. నాలుగోసారి చచ్చాక వాళ్ల జట్టు నాయకుడు కిరణ్ లేచి అడ్డం మీదుగా తొంగి చూశాడు.

"ఒరేయ్... నిజంగానే అమ్మాయిరా!"

"అమ్మాయి చేతిలో చచ్చావేంట్రా కిరణూ!" అని వాడి జట్టువాళ్లే పడీ పడీ నవ్వారు.

కిరణ్ మొహం కందిపోయింది. నా వైపు తిరిగి, "మగాళ్లు దొరక్క అక్కల్ని తెచ్చుకున్నార్రా వీళ్లు," అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను... ఎందుకో తెలియదు. వాళ్లతో పాటు నవ్వకపోతే నన్నే చూసి నవ్వుతారని భయం.

అక్క తల తిప్పలేదు. చివరిదాకా ఆడింది. గెలిచాం. దారిలో నా ముందు అరచేతులు చాపి, "సూడు, ఎట్ల వణుకుతున్నయో!" అంది. అంత సంతోషంగా అక్కను మళ్లీ చూడలేదు నేను.

నాలుగో రోజున చీకటి పడకముందే నాయిన దుకాణం మూసి ఇంటికొచ్చాడు. బేరానికి వచ్చినాయన ఎవరో చెప్పాడట... నీ బిడ్డ నెట్ సెంటర్ క్యాబిన్లలో మగపోరగాళ్లతో కూర్చుంటోందని. ఆట సంగతి ఆ మాటల్లో ఎక్కడా లేదు.

అక్క దాచలేదు. "గేమ్ ఆడనీకి పోయిన నాయినా. శీనుగాడు గూడ ఉన్నడు, అడుగు."

నాయిన నా వైపు తిరిగాడు. "పోయినవారా?"

ట్యూషన్ ఎగ్గొట్టినట్టు తెలిస్తే బెల్టు తీస్తాడు.

"లేదు నాయినా... నేను ట్యూషన్ల ఉన్న."

అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది. అక్క నన్ను చూసింది. తిట్టలేదు... ఒట్టేసి చెప్పమని కూడా అనలేదు.

నాయిన అక్క మీద చెయ్యెత్తలేదు. నెమ్మదిగా అన్నాడు... "తుపాకుల ఆటలాడే ఆడపిల్ల యాడన్న ఉంటదా? అబద్ధం చెప్పినా నమ్మేటట్టు చెప్పాలె బిడ్డా."

మర్నాటి నుంచి అక్కకు కాలేజీ బంద్. పోచంపల్లిలో పెద్దమ్మ దగ్గరికి పంపించారు. పరీక్షలు మాత్రం వచ్చి రాసింది. ఎంసెట్ రాయనివ్వలేదు. కంప్యూటర్ ఇంజనీరు అవుతానని అరిచి చెప్పే పిల్ల... తిరిగొచ్చాక మా ఇంటి పక్కన ఆడపిల్లల కాలేజీలో బీఏ చేరింది. డిగ్రీ అయిన నెలకే పెళ్లి.

నిజం చెప్పాలి కదా... నేను ఆట మానలేదు. అక్క నేర్పినట్టే, వచ్చేవాడి దారి చూసుకుని కూర్చునేవాణ్ని. గెలిచేవాణ్ని కూడా.

నాయిన ఉండగా నోరు విప్పలేకపోయాను. ఆయన పోయాక, బడంగ్‌పేట్‌లో అక్క వాళ్లింటికి వెళ్లి, ఆ రోజు అబద్ధం చెప్పాను అక్కా, అన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"నా పక్కనే ఉంటివి గదరా... నాకు చెప్తున్నవేంది? నాయినకు చెప్పేదుండె."

పోయిన నెల మళ్లీ వెళ్లాను. మేనల్లుడు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఫోన్లో ఆడుతున్నాడు. వాళ్ల జట్టులోకి ఎవరో అమ్మాయి వచ్చినట్టుంది. "అమ్మాయా? ఇగ మనం ఓడినట్టే పో," అని వీడు పగలబడి నవ్వుతున్నాడు. "పోయి చపాతీలు చేస్కో" అని కూడా అన్నాడు.

పొయ్యి దగ్గర అక్క వింటూనే ఉంది.

ఈసారి నేను ఊరుకోలేదు. వాడి హెడ్‌సెట్ తీసి పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను. నెట్ సెంటర్, కిరణ్, నా నవ్వు, నా అబద్ధం... అన్నీ.

వాడు కళ్లింత చేసుకుని వంటింటి వైపు చూశాడు. "నిజమేనా అమ్మా?"

అక్క ముందర అర్ర వైపు ఒకసారి చూసింది. అక్కడ వాళ్ల అత్తగారు కూర్చుని ఉంది.

"లేదురా... మామ మజాక్ చేస్తుండు," అంది.

ఇప్పుడు ఆ నెట్ సెంటర్ లేదు. పైన మెట్రో పోతుంటే కింద ఆ మెట్లు ఎక్కడుండేవో కూడా పోల్చుకోలేను. ఆటలు అరచేతిలోకి వచ్చేశాయి... ఆడపిల్ల కనిపిస్తే నవ్వే నవ్వు మాత్రం అలాగే ఉంది.

మీ ఇళ్లలోనూ బాగా ఆడి, ఒకరోజు చటుక్కున మానేసిన అక్కో చెల్లెలో ఉంటే... వాళ్ల ఆట గురించి ఇక్కడ రాయండి. అట్లాంటిదేం లేదని వాళ్లే అన్నా సరే... రాయండి.