అక్షరాలకు చోటు వదిలిన ఫోటోలు

మొన్న మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఒక విత్తనాల అంగడి ఫ్లెక్సీ చూసి నడిరోడ్డు మీదే నవ్వు ఆపుకోలేకపోయాను. కంప్యూటరే సొంతంగా గీసిన బొమ్మట, మట్టిలో ఊరే శెనక్కాయలు ద్రాక్షగుత్తుల్లాగా కొమ్మలకు వేలాడుతున్నాయి! నవ్వు తీరాక మా వదిన గుర్తొచ్చి మనసు అదోలా అయింది.

నా ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చి ఊళ్ళలో స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడిన కాలం. మా అన్న స్టూడియోకూ ఆ గతే పట్టేట్టుంది. అంగడి మూసి కడపలో ఇంకొకరి స్టూడియోలో జీతానికి కుదరాల్సి వస్తుందేమోనని, ఎవరి కిందా పనిచేసి ఎరుగని ఆ అభిమానస్తుడు లోలోపలే కుమిలిపోయేవాడు. అప్పుడు బంధువొకడు, ఇంటర్నెట్‌లో ఫోటోలు పెడితే అవసరమున్నవాళ్ళు కొనుక్కుని వాడుకుంటారని చెప్పిపోయాడు. అన్న తన కళనంతా ధారపోసి అహోబిలం కొండల్లో పొద్దుగూకడం, శ్రీశైలం డ్యాం గేట్లెత్తినప్పటి నురగ తీసి పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు గానీ ఒక్కరూ కొనలేదు.

వదిన ఊరుకునే మనిషి కాదు. ఆ ఫోటోలు పట్టుకుని పక్కవీధి ఫ్లెక్సీల అంగడికి పోయి, ఇలాంటివి నీకు పనికొస్తాయా అని సూటిగా అడిగింది. ఆయన తిప్పి తిప్పి చూసి, “శానా బాగుండాయక్కా, కానీ అక్షరాలు యాడ పెట్టాల?” అన్నాడట.

ఆ ఒక్క మాటతో ఆమెకు దారి దొరికింది. ఎరువుల అంగళ్ళు, ఆసుపత్రులు, ప్రెస్సులు అన్నీ తిరిగి ఎవరికెలాంటి బొమ్మ కావాలో కనుక్కొచ్చి, అన్న దగ్గరే కెమెరా పట్టడం నేర్చుకుని, అప్పుడే పెరికిన శెనక్కాయ చెట్టును మట్టి దులపకుండా, ఎండుతున్న పసుపు కొమ్ములను, బిడ్డకు చుక్కల మందు వేయిస్తున్న పక్కింటి సాయిబుల కోడలిని, ఆమె ఒప్పుకోలు తీసుకునే, ఎంత ఓపికగా తీసేదో! ఎరువుల సంచి మీద కంపెనీ పేరు కనబడితే, ఏ అంగడివాళ్ళయినా వాడుకునేట్టు సంచి తిరగేయించేది. ప్రతి ఫోటోలోనూ ఒక పక్క ఖాళీ వదిలేది. “సగం గోడనే తీస్తాండావు, ఏమే ఇది?” అని అన్న విసుక్కుంటే, “ఆ గోడనే మనం అమ్మేది” అని నవ్వేది. నిజంగానే కొనేవాళ్ళు మెల్లగా మొదలయ్యారు, అంగడి నిలబడింది. అంత తెలివి, అంత మొండితనం మా వంశంలో ఎవరికీ లేవని నేనెప్పుడూ గర్వంగానే చెప్పుకుంటాను.

అన్న చివరిదాకా తన అంగట్లో యజమానిగానే కూర్చుని, పోయిన ఏడు కన్నుమూశాడు. వదిన ఫోటోలు కొనేవాళ్ళు ఇప్పుడు లేరు. బాధగా లేదా వదినా అని అడిగాను. “పోనీలే అబ్బీ, మీ అన్న ఒకరి ముందర చేతులు కట్టుకోని నిలబడలా. నాకది చాలు” అంది.

ఇప్పుడు బొమ్మలకేం కొదవ లేదు, ఫోనుకు చెబితే క్షణంలో వస్తాయట. నీకేం కావాలని గడప దాకా వచ్చి అడిగే మనిషిని చూసి మాత్రం చాలా కాలమైంది.