సైటుకి కాపలా

తప్పులుంటే మన్నించండి, నేను చదివింది ఏడో తరగతే.

మా ఆయన ఇంట్లోనే వెబ్‌సైట్లు చేస్తారు. మండవల్లిలో చేపపిల్లలు అమ్మే ఆయన సైటు పోయిన వారం రెండుసార్లు ఆగిపోయింది. ఈసారి ఆగిన సంగతి కూడా తానే చెప్పాల్సి వస్తే పని వేరేవాళ్లకి ఇస్తానన్నాడాయన. అందుకని, సైటు ఆగగానే ఫోనుకి కబురు పంపే సర్వీసుల్లో చవకైనది ఏదా అని మా ఆయన మూడు రోజులుగా వెతుకుతూ పెద్ద పట్టిక వేశారు.

ఈ రోజు పొద్దున ఆ పట్టికకి రంగులు వేస్తుండగా, చేపపిల్లలాయన భార్య, వాళ్లాయనకి ఇంకా తెలియదంటూ నాకు ఫోన్ చేసింది.

“ఏవండీ, సైటు పడిపోయిందటండి” అన్నాను.

“గణపవరం సైటులో గోడా? మొన్నేగా కట్టించాం!” వంటింట్లోంచి అత్తయ్య.

“వెబ్‌సైటమ్మా! దానికి కాపలా ఎవర్ని పెట్టాలో చూస్తున్నాను.”

“నువ్వు చెరువు గట్టు మీద కూర్చుని కాపలావాణ్ణి మూడు రోజులు ఎంచుతుంటే, కొంగలు చేపల్ని తినకుండా ఊరుకుంటాయేంట్రా?”

మా ఆయన చూసేలోపే సైటు దానంతటదే బాగయింది. సాయంత్రం పట్టికలో కొత్త వరస కనిపించింది. నా పేరు, ఖర్చు లేదు. కుక్కరు కూసినప్పుడల్లా నేను సైటు తెరిచి చూడాలట.

మీలో ఇంకెవరికైనా ఇలాంటి ఉద్యోగం వచ్చిందా? ఈ పోస్టు సంగతి మాత్రం మా ఆయనకి చెప్పకండి. ఎవరో ఒకరు చెప్పందే ఆయనకి ఏదీ తెలియదు.