ఎద మీద గాట్లు

పంతొమ్మిదివందల అరవైల్లో మా ఆయనకు ఎదనొప్పి వస్తే, చెడునెత్తురు చేరిందనుకుని నాటువైద్యుడిచేత ఎద మీద గాట్లు పెట్టించాను.

"చెంబు పట్టు, నెత్తురు దండగైపోతాండాది. ఏదీ పారబోసేకి నీకు మనసొప్పదు కదా!" అని అంత నొప్పిలోనూ ఆయన నన్ను ఎగతాళి చేశారు.

నొప్పి తగ్గక మడకశిర నుంచి బెంగుళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. గుండెనాళంలో గడ్డకట్టిన నెత్తురును కరిగించే కొత్త మందును అక్కడ కొందరికి ఇచ్చి పరీక్షిస్తున్నారు. డాక్టరు ఈయన పేరూ రాసుకుని, చొక్కా విప్పి చూసి ఆ పేరు కొట్టేశాడు.

"ఇన్ని పచ్చిగాయాలున్నాయమ్మా. ఈ మందిస్తే నెత్తురు ఆగదు."

"నేనే పెట్టిస్తి సామీ. గుడ్డతో గట్టిగా కట్టేస్తా, ఇయ్యండి."

"ఇచ్చినా బతుకుతాడని చెప్పలేమమ్మా. అది తెలుసుకోవడానికే ఈ పరీక్ష," అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడు. గాట్లు మానకముందే ఆయన పోయారు.