బంగళా తడుస్తాది

బొమ్మ కోసం పోయినవాళ్ల మొహం నబీ సాబ్ చూసేవాడు కాదు, వాళ్ల ఇంటి గోడ చూసేవాడు. "ముందు గోడ సూపియ్యప్పా" అనేది ఆయన మొదటి మాట. సంబంధం చూడవచ్చిన పిల్ల తండ్రి కూడా అంత పట్టిపట్టి చూడడు. అరచెయ్యి ఆనించి చెమ్మ చూసేవాడు, ముక్కు ఆనించి పొగ చూసేవాడు. నాలుకతో కూడా నాకి చూశాడని ఎమ్మిగనూరులో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది కోతలు కోసే మాదన్న గనుక సగం తీసేయాలి.

ఆదోనిలో పత్తి బేళ్ల మీద గుర్తులు అద్దే కొయ్య అచ్చులు చెక్కడం నబీ సాబ్ పని. వయసులో ఉండగా తలుపులు చెక్కడానికి భీమిలి పోయి, సముద్రం ఒడ్డున ఎప్పుడో డచ్చివాళ్లు కట్టిన బంగళాలో రెండు నెలలు ఉన్నాడు. ముప్పై ఏళ్లయినా అది కళ్లలోంచి పోలేదు. పంతొమ్మిది వందల యాభై రెండులో దాన్ని టేకు చెక్క మీద స్తంభం స్తంభం, అల అల చెక్కి, కాగితాల మీద ఇరవై ఒక్క బొమ్మలు అద్దాడు. ఒక్కోదాని మూలన నంబరు వేశాడు. ఆ తర్వాత అచ్చును ఉలితో అడ్డంగా గీసి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే చాయ్ కాచుకుని తాగాడు. ఇక ఇరవై రెండోది పుట్టదు.

పత్తి మిల్లు సేటు ఒకడు కారు పంపి పిలిపించుకుంటే, సున్నం కొట్టిన గోడను తడిమి, ఈ గోడకు బొమ్మ అక్కరలేదని లేచొచ్చాడు. ఎమ్మిగనూరు నేతగాడు మాదన్న గోడ చెమ్మ దిగి చారలు చారలుగా ఉంటే, మురిసిపోయి ఒక తువ్వాలుకే ఏడో నంబరు బొమ్మ ఇచ్చేశాడు. ఊరంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మాదన్నే నవ్వాడు. వారం తిరక్కుండా, ఆ బంగళాలో తాను కూడా ఉండి వచ్చానని, పొద్దున్నే చేపలు మెట్లెక్కి వచ్చి లేపేవని చెప్పడం మొదలుపెట్టాడు. నబీ సాబ్ విని, ఏ గదిలో పండుకున్నావప్పా అని మాత్రం అడిగాడు.

మాదన్నది మట్టి మిద్దె. తొలకరికి ముందు కప్పు మీద చౌడు మట్టి పరిచి తొక్కకపోతే వాన నేరుగా మగ్గం గుంటలోకి దిగుతుంది. పడుగు నూలు తడిస్తే ఆ నెల కూడు లేనట్టే. చౌడు తోలించే స్తోమత లేదని చెప్పుకోవడం అతనికి నామోషీ. చల్లదనం కోసమే కారనిస్తున్నానని అనేవాడు.

ఆ ఏడు మృగశిరకు ముందు నబీ సాబ్ బస్సు దిగి, ఊరి బయట చౌడు తవ్వి, రెండు గాడిదల మీద తెచ్చాడు.

"నీకోసం అనుకునేవు. నా బంగళా తడుస్తాది" అని లుంగీ ఎగగట్టి మిద్దెక్కాడు.

సముద్రం ఒడ్డు బంగళాకు వాన భయమేమిటని మాదన్న కింద నుంచి పరాచికాలాడాడు. పెళ్లాం హులిగెమ్మ గుడ్లురిమినా ఆగలేదు. అలా నాలుగేళ్లు మిద్దె కారలేదు, మాదన్న నోరూ మూతపడలేదు.

అయిదో ఏడు ఆ సేటే చేతి గడియారం ఇస్తానంటే మాదన్న బొమ్మ ఇచ్చేశాడు. గడియారం వారానికే పది గంటల దగ్గర ఆగిపోయింది. అయినా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ టైము చెబుతూనే ఉన్నాడు.

నబీ సాబ్ మళ్లీ గాడిదలతో వచ్చేసరికి గోడ మీద మేకు ఒక్కటే ఉంది. ఎలుకలు కొట్టేశాయని చెప్పడానికి మాదన్న నోరు తెరిచేలోపే హులిగెమ్మ నిజం చెప్పేసింది. ముసలాయన మేకును చూశాడు, గడియారాన్ని చూశాడు.

"టైమెంతప్పా?"

సాయంత్రం కావస్తోంది. మాదన్న తల వంచుకుని, "పది" అన్నాడు.

"పదే గదా. ఇంకా పొద్దుంది. గంప అందియ్యి."

"బంగళా ల్యాదు గదా సాబూ. ఇంకేం తడుస్తాదని?"

"గోడుంది గదప్పా."

తప్పయిందని ఒక్క మాట అనాలని గంప అందించినప్పుడల్లా అనుకున్నాడు. నోటికి పరాచికమే వచ్చింది. ముసలాయన నవ్వాడు కూడా.

మరుసటి ఏడు నబీ సాబ్ రాలేదు. తొలి వానకే పడుగు తడిసింది. ముసలాయన్ని నిలదీసి వస్తానని మాదన్న గొప్పగా బస్సెక్కి ఆదోని పోయాడు. చలికాలంలోనే చనిపోయినాడని భార్య సైదా బీ చెప్పింది. ఆమె ఇంట్లో నడవడానికి చోటు లేదు. నేలంతా గిన్నెలు, ప్రతి గిన్నెలోనూ వాన చుక్కలు.

"ఇరవై ఒగటీ ఏరి ఏరి కారే ఇండ్లకే ఇచ్చినాడప్పా" అందామె. "మన మిద్దె సంగతేందని నేనంటే, మన గోడకు బొమ్మ ల్యాదు గదా, తడిసేదేముంది అనేటోడు."

వాన వెలిశాక మాదన్న బయటికి పోయి, చౌడు వేసుకుని గాడిదతో తిరిగొచ్చాడు.

"ఈడ బంగళా ల్యాదు గదప్పా, నీకెందుకు?" అంది సైదా బీ.

"నేనుండి వచ్చిన బంగళా అక్కా అది, దాని సంగతి నాకు తెల్దా? గోడ ఆరితే అదే వస్తాది. సాబు బొమ్మలిచ్చిన తక్కిన ఇండ్లు యాడుండాయో సెప్పు."

"పొద్దు గూకుతాండాది, రేపు సూసుకో."

మాదన్న మిద్దెక్కి గడియారం చూసుకున్నాడు.

"పదే గదక్కా. ఇంకా పొద్దుంది. గంప అందియ్యి."